దాలిలో పాలసీసా

కొంపలు అంటుకోవాలంటే నిప్పు కావాలంటారు. అబద్ధం. మా కొంప గోరువెచ్చటి పాలతో అంటుకుంది. అవి కూడా చిన్న గాజుసీసాడు పాలు. అంటించింది పగవాళ్ళు కాదు, నేనే. కింద పిడక పెట్టి, పైన బూడిద కప్పి, ఎవరూ ఆర్పకుండా కాపలా కూర్చుని మరీ అంటించాను. మీరు నవ్వాలనే చెబుతున్నాను, నవ్వండి. ఇంట్లో పసిపిల్ల ఉన్నవాళ్ళు మాత్రం ఒక చెవితో నవ్వి, రెండో చెవితో వినండి.

నాకు చదువు రాదు. సంతకం వస్తుంది, అదీ చూడి బర్రె నడిచినట్టు అటూ ఇటూ ఒరుగుతూ. నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది. ఒకచోట కూర్చుని చెప్పమంటుంది. అది నా వల్ల కాదు. నా కాళ్ళు పుట్టినప్పటినుంచీ నా మాట వినలేదు. వంటింట్లో సగం మాట, వాకిట్లో సగం మాట చెబుతుంటే కాగితాలు పట్టుకుని పాపం నా వెనకే తిరుగుతోంది. చదువుతుంటే మీకు ఆయాసం వస్తే అందుకే.

అవి యుద్ధం రోజులు. మొఘల్‌పురాలో మా తమ్ముడు మల్లేశుకి పాల వ్యాపారం. పెళ్ళి పసుపు ఆరకముందే మొగుణ్ణి పోగొట్టుకుని నేను వాడి పంచన చేరాను. చేరాక ఊరికే ఉన్నానా? పాలకుండ మీద పెత్తనం మొత్తం లాక్కున్నాను. ఏడవడానికి కూర్చోవాలి కదా, నేను కూర్చోలేను. అందుకని పనిలో పడ్డాను. పాల నురగ చూసి ఏ బర్రెవో చెప్పేదాన్ని. వాసన చూసి పొద్దుటివా సాయంత్రానివా చెప్పేదాన్ని. ఎవరైనా నీళ్ళు కలిపితే అవి నల్లా నీళ్ళో బావి నీళ్ళో కూడా చెబుతుందని గల్లీ అంతా నాకు పేరు. ఆ పేరు పుట్టించి గల్లీలో వదిలింది నేనే అనుకోండి, అది వేరే సంగతి.

మల్లేశు పెళ్ళాం సత్తెమ్మకి ఎన్ని మొక్కులు మొక్కినా కడుపు పండలేదు. గుడికి పోయింది, దర్గాకి పోయింది, ఎవరు ఏ తాయెత్తు కట్టమంటే అది కట్టింది. చివరికి ఒక ఆడపిల్ల పుట్టింది. గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ అంటారు. మా బిడ్డొచ్చిన వేళ సత్తెమ్మకి విషజ్వరం వచ్చింది. మూసీ అవతల ఆడవాళ్ళ ఆసుపత్రిలో పడుకోబెట్టారు. తల్లి పాలు బిడ్డకి పట్టవద్దన్నారు.

పట్టకపోతే ఏం, మా పెరట్లో పాల ఏరే పారుతోంది అనుకున్నాను. మా గౌరి బర్రె పాలు నీళ్ళు కలిపి ఉగ్గుగిన్నెతో పోశాను. పోసినవి పోసినట్టే నా ఒళ్ళో కక్కింది. ఆవుపాలు తెచ్చి పోశాను. అవీ కక్కింది. కుమ్మరి ఇంట కుండ కరువని విన్నాను గానీ, పాలవాళ్ళ బిడ్డ పాలని చూసి మొహం తిప్పుకోవడం ఎక్కడైనా విన్నారా? పిల్ల వాడిపోతోంది. నేనూ మల్లేశూ ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాం.

అక్కడి డాక్టరమ్మ మరాఠీ ఆమె. సన్నటి మనిషి, కళ్ళద్దాలు. మాతో తెలుగు, తురకోళ్ళతో ఉర్దూ, కోపం వస్తే అందరితో ఇంగ్లీషు. ఆమె ఒక రేకు డబ్బా, పడవలా వంగిన గాజుసీసా, దాని మూతికి తొడిగే రబ్బరు చనుమొన నా ముందు పెట్టింది.

"ఇగో, మంచిగ విను. సీసా, రబ్బరు రెండూ సబ్బుతోని రుద్ది కడుగు. కడిగినంక గిన్నెల నీళ్ళు పోసి ఆటిని ఉడకబెట్టు. పొడిల కలిపే నీళ్ళు వేరే కాగబెట్టు. జర చల్లారినంక పొడి కలుపు. నీ చేతిమీద చుక్క ఏసుకొని చూసి బిడ్డకు పట్టు. మిగిలినయి పారబొయ్యి."

"పారబొయ్యాల్నా?" అన్నాను.

"పారబొయ్యాలె. కలిపి దాచుడు లేదు. ఎప్పటియి అప్పుడే. డబ్బా మూత గట్టిగ పెట్టు, తడి చెంచా లోపల పెట్టకు. సమజైందా?"

"డాక్టరమ్మా, నేను పాలల్లనే పుట్టిన, పాలల్లనే పెరిగిన."

"అందుకే ఇంత చెప్తున్న."

ఆ మాట నాకు మెప్పులా వినిపించింది చూశారా! బుద్ధి గడ్డి తినడానికి పోయినప్పుడు చెవులు కూడా వెంటే పోతాయి.

"ఇంకో మాట," అంది ఆమె. "యుద్ధం పుణ్యమాని ఈ డబ్బాలు దొరుకుతలేవు. బిడ్డ కడుపు మళ్ళ చెడిందో, ఇంట్ల ఉంచ. తీసుకొచ్చి ఈడ్నే పిల్లల వార్డుల పెడ్త."

పిల్లల వార్డు పక్కనే ఉంది. తలుపు తెరిస్తే ఒకటే దగ్గులు, ఒకటే ఏడుపులు. సత్తెమ్మ మంచం మీదనుంచి ఆ మాట విన్నది. లేవడానికి ఓపిక లేదు, కళ్ళతోనే నన్ను దగ్గరికి పిలిచింది.

"వదినె, ఆ వార్డుకెల్లి పొద్దుగాల ఒక బిడ్డను గుడ్డల చుట్టి తీస్కపోయిన్రు. నేను చూసిన. నా బిడ్డను ఈడికి రానియ్యకు. నీ కాళ్ళు మొక్కుత."

"నీ కాళ్ళల్ల సత్తువే లేదు, నా కాళ్ళు మొక్కుతవా?" అన్నాను. "నువ్వు ఇంటికొచ్చే దినం నీ బిడ్డను బుగ్గలతోని నీ ఒళ్ళె పెడ్త. పెట్టకపోతే నా పేరు లచ్చమ్మే కాదు."

మాటైతే ఇచ్చాను. ఇచ్చిన మాట కాళ్ళొచ్చి నా వెంట ఇంటిదాకా నడిచొచ్చింది.

ఇంటికొచ్చాక మొదటి కష్టం సిగ్గు. పాలమ్మే ఇంట్లో డబ్బాపాలు! ఎవరైనా చూస్తే ఏమంటారు? వాళ్ళ బిడ్డకే వాళ్ళ పాలు పట్టరట, మనకి పోస్తున్నారు అంటారు. డబ్బాని బియ్యపు కుండ వెనక దాచాను. అయినా మా గోడ అవతల ఖాలా ఉంది. ముసలామె, ఆమె అసలు పేరు ఆమె కొడుక్కైనా గుర్తుందో లేదో, గల్లీ మొత్తానికీ ఖాలాయే. మా రెండు ఇళ్ళకీ మధ్య మొండిగోడ. దానికి అటు ఖాలా, ఇటు నేను, పైన ఖాలా పిల్లి. అది గోడ మీద కూర్చుంటే కోత్వాలు పహరా కూర్చున్నట్టే ఉండేది, ఒళ్ళు మాత్రం ఎండిన బీరకాయ.

"లచ్చమ్మా, ఏందే బియ్యం కుండెన్క దాస్తున్నవ్?"

"ఏం లేదు ఖాలా."

"డబ్బా పాలా? తోబ తోబ! దూద్ వాలోఁ కే ఘర్ మే డబ్బా! మీ బర్రెలకు తెలిస్తె నామోషీతోని సస్తయి."

"మెల్లగ మాట్లాడు ఖాలా, గౌరి ఇంటది."

నిజంగానే నాకు భయం గౌరి గురించే. మా కులంలో ఒక నమ్మకం ఉంది. పాలు నేల మీద పారబోస్తే పాడి పోతుంది, బర్రె పొదుగు ఎండుతుంది. పొంగినా, ఒలికినా, వెంటనే నీళ్ళు చల్లి దండం పెట్టుకుంటాం. విరిగిన పాలని కూడా ఏదో ఒకటి చేసుకుని తింటాం గానీ నేలకి ఇవ్వం. మరి పూటపూటా సీసా అడుగున మిగిలినవి పారబొయ్యమంటే నా చెయ్యి ఎలా వంగుతుంది? డాక్టరమ్మ చెప్పింది కదా అని కళ్ళు మూసుకుని ఒకపూట పారబోశాను. అదే సాయంత్రం గౌరి పాలబొక్కెన తన్నేసింది. దోమ కుట్టి తన్నిందో, ఏ దయ్యం కుట్టి తన్నిందో, నాకు మాత్రం సాక్ష్యం దొరికింది.

"చూసినవా తమ్మీ? పారబోసిన పాలు బర్రెకు తెల్సిపోయినయి."

మల్లేశు తల గోక్కున్నాడు. "అక్కా, అవి డబ్బా పాలు గదా. మన గౌరికేం సంబంధం?"

"డబ్బాల పాలు ఏడికెల్లి వచ్చినయిరా? విలాయతిల బర్రెలు లేవా? అన్ని బర్రెలకు చుట్టరికం ఉంటది."

ఆ లెక్కకి ఎదురు చెప్పేంత చదువు వాడికీ లేదు.

ఆ రాత్రంతా దొర్లాను. ఇటు పక్క పిల్ల, అటు పక్క బర్రె, మధ్యలో డాక్టరమ్మ మాట. తెల్లారేసరికి నా బుర్రలో దీపం వెలిగింది. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ దీపాన్ని ఎవరైనా ఉఫ్ అని ఊదేసి ఉంటే ఎంత పుణ్యముండేదో!

దాలి!

తెలియనివాళ్ళకి చెబుతాను. పెరట్లో చిన్న గుంట, అందులో పిడకలు మండకుండా కుములుతుంటాయి, వాటి మీద పాలకుండ. పొద్దున పెడితే సాయంత్రం దాకా అక్కడే. పాలు ఎర్రబడతాయి, మీగడ చాపలా కడుతుంది, చెడిపోవడమన్న మాటే ఉండదు. మా తాతల నాటినుంచీ పాలు దాచే పద్ధతి అదే. మరి ఎర్రబర్రె పాలు చెడవు, నల్లబర్రె పాలు చెడవు, డబ్బాపాలు మాత్రం ఎందుకు చెడతాయి? వాటికేం కొమ్ములు మొలిచాయా?

అనుకున్నదే తడవు, సీసాని చేత్తో రుద్ది కడిగాను. ఉడకబెట్టానా? లేదు. ఉడకబెట్టడమంటే నిలబడి కాచుకుని ఉండాలి, నా కాళ్ళు ఊరుకోవు. అప్పుడే పెరుగు చిలికిన చేతులు, కవ్వం కడిగిన అదే కుడితి తొట్టి దగ్గర, అవే నీళ్ళు. పాలవాళ్ళ చేతులు ఎంత కడిగినా తోడు అంటే ఉంటుంది. మా చెయ్యి పడితే రాయి కూడా పేరుకుంటుందని మా అమ్మ గొప్పగా చెప్పేది. ఆ గొప్ప ఇలా తీరుతుందని ఆమెకేం తెలుసు! రోజంతటికీ సరిపడా పొడి కలిపి, సీసా నిండా పోసి, రబ్బరు బిగించి, దాలి అంచున వెచ్చటి బూడిదలో మెడదాకా పాతిపెట్టాను. పాలకుండ అడుగున నిప్పు కుములుతూ పాలు కాగుతూనే ఉంటాయి. అంచున బూడిద ఒట్టి గోరువెచ్చన. ఈ తేడా మా ఇంట్లో పిల్లకాయలకి కూడా తెలుసు, ఎందుకంటే పెరుగు తోడేసే గురుగులు మేం పెట్టేది సరిగ్గా ఆ అంచునే. అయినా చూడండి, చేతిలో దీపం పెట్టుకుని నూతిలో పడడం అంటే ఇదే.

"అక్కా, మస్తు తెలివే నీది!" అన్నాడు మల్లేశు. "గిరాకీలకు కనబడదు. పారబొయ్యనక్కర లేదు. ఎప్పుడు జూసినా ఎచ్చగ ఉంటయి."

"మరేందనుకున్నవ్! డాక్టరమ్మ పాలు తాగింది, నేను పాలు పిండిన."

పొద్దున ఒకసారి తాగింది పిల్ల. నేను లేని మీసాలు మెలేశాను. మళ్ళీ ఆకలైంది, సీసా తీసి నోట్లో పెట్టాను. రెండు గుక్కలు చప్పరించి మొహం వంకర పెట్టింది. నెట్టేసింది. నేను మళ్ళీ పెట్టాను. మళ్ళీ నెట్టింది. ఎండ ముదిరింది, పిల్ల గొంతు ముదిరింది. ఎత్తుకుని వాకిట్లోకి, వాకిట్లోనుంచి దొడ్లోకి, దొడ్లోనుంచి మళ్ళీ వాకిట్లోకి. నా వెంట కుక్క తిరుగుతోంది, కుక్క వెంట ఈగలు.

"ఏందే గంత ఏడుస్తుంది?" గోడ మీద ఖాలా తల మొలిచింది.

"తాగుతలేదు ఖాలా. నోట్లె పెట్టుకుంటది, పాలు వస్తలేవో ఏమో."

"రబ్బరుకు బొక్క సిన్నగున్నదేమో."

ఆ! నాకా మాట అందితే చాలు. గోనెలు కుట్టే దబ్బనం తెచ్చి నిప్పులో ఎర్రగా కాల్చి రబ్బరుకి గుచ్చాను. చుయ్ మంది. బొక్క కాస్తా బావి అయింది. అప్పుడు సీసా తిప్పితే గడగడ కారాలి కదా? కారలేదు. మూతి దగ్గర తెల్లగా ఏదో తొంగిచూసి మళ్ళీ లోపలికి పోయింది, కొత్త కోడలు పరదాలోనుంచి చూసినట్టు.

"లచ్చమ్మా, బూ ఆ రహీ. పుల్లటి వాసనొస్తుంది."

చూడండి, ఇక్కడే నన్ను చెప్పుతో కొట్టాలి. గల్లీలో ఎవరి పాలైనా వాసన చూసి జాతకం చెప్పే ఈ లచ్చమ్మ ముక్కు ఆ సీసా మీద పెట్టింది, పీల్చింది, పుల్లటి వాసన పట్టింది కూడా. పట్టి ఏమందో తెలుసా?

"అది విలాయతి వాసన ఖాలా. ఆ పాలు గట్లనే ఉంటయి. ఓడల వస్తయి గదా, సముద్రం గాలి తగిలి ఉంటది."

"ఓహో," అంది ఖాలా. ఆమె కూడా సముద్రం చూసింది లేదు.

పాలు బాగానే ఉన్నాయి, రబ్బరు బాగానే ఉంది, ఇంక మిగిలింది దిష్టి. పాల కోసం వచ్చిన గిరాకీలు ఏడుపు విని తొంగిచూస్తున్నారు మరి. సీసాని మళ్ళీ బూడిదలో పాతి, ఎండుమిరపకాయలు, ఉప్పు పిల్లకి తిప్పి అదే దాలిలో పడేశాను. పొగ లేచింది. దిష్టి ఎవరిదో తెలియదు గానీ దగ్గు మాత్రం అందరికీ వచ్చింది. గిరాకీలు గిన్నెలు పట్టుకుని పారిపోయారు. గోడ అవతల ఖాలా దగ్గుతూనే దువా చదివి ఇటు ఊదుతోంది. పిల్లి గోడ దిగి ఎటో పోయింది. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి, చివరికి ఊరికే నోరు తెరిచి నన్ను చూస్తోంది.

ఆ చూపు ఇప్పటికీ నాకు నవ్వులాట కాదు. నాలుక పొడిబారింది. పెదవులు నా రవికని వెతుకుతున్నాయి. నా దగ్గరేముంది ఇవ్వడానికి? బర్రెలన్నీ నావే, పాలన్నీ నావే, ఈ బొట్టెడు నోట్లోకి బొట్టు పోనివ్వలేకపోతున్నాను. సత్తెమ్మకి ఇచ్చిన మాట వాకిట్లో నిలబడి నన్నే చూస్తున్నట్టుంది.

సరిగ్గా అప్పుడే గల్లీలో టాంగా ఆగింది.

మాట కాదు, డాక్టరమ్మే వచ్చి నిలబడింది. సత్తెమ్మ ఆసుపత్రిలో నిద్రపోకుండా, మందు మింగకుండా బిడ్డ బిడ్డ అని ఏడుస్తుంటే, ఒకసారి చూసొచ్చి చెబుతాను, అప్పుడైనా పడుకో అని చెప్పి వచ్చిందట. వెనక, పెళ్ళాన్ని చూడ్డానికి ఆసుపత్రికి పోయిన మల్లేశు, ఉరికంబం ఎక్కేవాడిలా.

"ఇదేం పొగ? బిడ్డకు పొగ పెడ్తున్నరా, దోమలకా?"

"దిష్టికి డాక్టరమ్మా."

"సీసా ఏది?"

తలెత్తి, "మస్తు పైలంగ దాచిన," అని చెప్పి, దాలి దగ్గరికి పోయి, బూడిద తవ్వి, సీసాని బయటికి లాగాను. దాని ఒంటినిండా బూడిద. మూతి దగ్గర ఒక మిరపగింజ.

డాక్టరమ్మ కళ్ళద్దాలు సవరించుకుంది. "ఇది పాలసీసానా, బాబాజీనా? విభూతి పూసుకొని వచ్చింది."

ఖాలా గోడ అవతల కిసుక్కుమంది.

"పొద్దుగాల కలిపి దాలిల పెట్టిన," అన్నాను. "చల్లారకుంట, చెడకుంట. మా ఇంట్ల పాలన్ని గట్లనే ఉంటయి. చూడుర్రి, ఇంక ఎచ్చగనే ఉన్నయి."

"పొద్దుగాల?" ఆమె గొంతు మారింది. "తాగిందా ఇది?"

"తాగుతనే లేదు. పాలే వస్తలేవు. బొక్క గూడ పెద్దగ చేసిన. ఇగో, చూపిస్త."

చూపించకుండా ఊరుకుంటే నేను లచ్చమ్మని ఎలా అవుతాను? సీసా ఆమె మొహం ముందు పెట్టి, రబ్బరు పట్టుకుని, బర్రె చన్ను పిండినట్టు, ఇంత వయసొచ్చేదాకా నేను నేర్చిన విద్యంతా ఆ రెండు వేళ్ళలో పెట్టి ఒక్క పిండు పిండాను.

ఫట్!

దబ్బనం బొక్కలోనుంచి తెల్లటి గడ్డ ఒకటి ఎగిరి, తుపాకి గుండులా పోయి డాక్టరమ్మ కుడి కళ్ళద్దం మీద కూర్చుంది. కూర్చుని జారలేదు. అంత గట్టిగా ఉంది. రెండో చిన్న గడ్డ గోడకి తగిలింది. ఖాలా చెయ్యి చాచి దాన్ని వేలితో తీసి, వాసన చూసి, తలాడించింది.

"మాషాల్లా. గడ్డ పెరుగు. లేడీ డాక్టర్ సాబ్, మీరు పాలు కలుపుమని చెప్పిన్రు, ఇది పెరుగు తోడేసింది."

మల్లేశు గౌరి వెనక్కి పోయి నిలబడ్డాడు. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ ఇంగ్లీషులో ఏదో అంది. అర్థం కాలేదు గానీ, అర్థం కానక్కర్లేదు కూడా.

ఆమె పిల్లని తీసుకుని పొట్ట నొక్కింది, నాలుక చూసింది, గుడ్డ విప్పి చూసింది. నేను ఆమె చుట్టూ గానుగెద్దులా తిరుగుతున్నాను. "తీసుకపోతరా? డాక్టరమ్మా, తీసుకపోకుర్రి. నన్ను తీసుకపోయి ఆ వార్డుల పెట్టుర్రి. బిడ్డను తీసుకపోకుర్రి."

"ఒక్క తాన నిలబడు!" అని అరిచింది. నిలబడ్డాను. అదే మొదటిసారి. "కడుపు చెడలే. ఆకలైతుంది, గంతే. ఈ పిల్ల పుల్లటి పాలు తెలుసుకొని ఉమ్మేసింది. నీ ఇంట్ల పాల సంగతి తెలిసింది ఎవరన్న ఉన్నరంటె ఇదొక్కతే."

నేను నేల మీద కూలబడ్డాను. అవును, కూర్చున్నాను. ఖాలా ఇప్పటికైనా కూర్చుందని అల్లాకి దండం పెట్టింది.

డాక్టరమ్మ సంచీలోనుంచి కొత్త రబ్బరు తీసింది. నా చేతులు సబ్బుతో మోచేతులదాకా కడిగించింది. పాలకి, పెరుగుకి వాడని గిన్నె ఒకటి వెతికించింది. సీసా, రబ్బరు అందులో ఉడికేదాకా నన్ను పొయ్యి ముందునుంచి కదలనివ్వలేదు. నీళ్ళు కుతకుతలాడుతుంటే నా కాళ్ళు కూడా అలాగే ఆడాయి. పొడి కలిపి, మణికట్టు మీద చుక్క వేయించి, పిల్ల నోట్లో పెట్టించింది. పిల్ల పట్టుకుంది చూడండి, జలగలా! గుటక, గుటక. ఆ చప్పుడుకి నా కళ్ళు కారిపోయాయి. మిరపపొగ అని చెప్పాను.

తాగి, పిల్ల నిద్రలోకి జారింది. సీసా అడుగున కాసిని మిగిలాయి.

"పారబొయ్యి," అంది డాక్టరమ్మ.

నా చెయ్యి లేవలేదు. "డాక్టరమ్మా, నేలకు పోస్తె బర్రె ఎండిపోతది."

ఆమె కోప్పడలేదు. అదే ఇంకా కష్టమైంది. మెల్లగా అంది, "బర్రె ఎండితే ఇంకో బర్రెను తెచ్చుకుంటరు. ఇది ఎండితే ఏడికెల్లి తెస్తవమ్మా?"

నేను పిల్లని చూశాను. గౌరిని చూశాను. గౌరి నెమరేస్తూ మొహం తిప్పుకుంది, నన్నడక్కు అన్నట్టు. సీసా వంచబోయాను.

"ఠహరో!" అంది గోడ మీద ఖాలా. "నేల మీద పోస్తెనే గదా మీ బర్రెకు గుస్సా? నేలకెందుకు పోస్తవ్? నా పిల్లికి పొయ్యి. పిల్లికి పోసినయి పారబోసినట్ల గాదు. ఖైరాత్, దానం."

డాక్టరమ్మ నవ్వింది. "బిడ్డకు ఒద్దన్న గానీ పిల్లికి ఒద్దనలే."

ఇన్నాళ్ళూ నన్ను నలిపేసిన చిక్కుముడిని ఎండిన బీరకాయలాంటి పిల్లి విప్పింది. డాక్టరమ్మ పిల్లని తీసుకుపోలేదు. ఖాలాని కాపలా పెట్టి పోయింది. ఖాలాకి కావలసింది కూడా అదే. నేను గిన్నె ముట్టుకుంటే చాలు, గోడ మీదనుంచి గొంతు లేచేది.

"చేతులు కడిగినవా?"

"కడిగిన ఖాలా."

"సీసా ఉడికిందా?"

"ఉడికింది ఖాలా, నేను గూడ ఉడికిన."

"మిగిలినయి?"

"నీ కోత్వాలుకే పోసిన."

ఆ పిల్లి పొయ్యి మీద గిన్నె చప్పుడైతే చాలు, మా పిల్ల కంటే ముందు లేచేది. సీసా ఉడుకుతున్నంతసేపూ నా పక్కనే కూర్చుని, నేను లేవబోతే మ్యావ్ అని మందలించేది. గౌరి ఎండిపోలేదు. పైగా పాలు కొంచెం ఎక్కువే ఇచ్చింది. అది తన పిల్లి దువా అని ఖాలా గల్లీ అంతా చాటింది. డబ్బాపాల సంగతి కూడా దాంతోపాటే చాటింది. గిరాకీలు ఎవరూ మానుకోలేదు. డాక్టరమ్మనే పెరుగుతో కొట్టిన ఇల్లు, పెరుగు గట్టిగానే ఉంటుందని ఇద్దరు కొత్తగా చేరారు.

సత్తెమ్మ ఇంటికి వచ్చిన రోజు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. టాంగా దిగి, మా తమ్ముడి భుజం పట్టుకుని, తూలుతూ లోపలికొచ్చింది. నేను మాట ఇచ్చినట్టే బిడ్డని బుగ్గలతో సహా ఒళ్ళో పెట్టాను. అది తల్లి మెడలో మొహం దాచుకుంది. సత్తెమ్మ ఏడ్చింది, మల్లేశు ఏడ్చాడు, నేను దాలి దగ్గరికి పోయి పిడకలు సర్దాను. అప్పుడే కోత్వాలు గోడ మీదనుంచి దూకబోయి, దూకలేక, దొర్లి కింద పడింది. దాని పొట్ట నేలకి ఆనుతోంది.

సత్తెమ్మ కళ్ళు తుడుచుకుని దాన్ని చూసింది, బిడ్డని చూసింది, నన్ను చూసింది.

"వదినె, నిజం చెప్పు. ఇద్దరిల నువ్వు ఎవరిని సాదినవ్?"

ఆ రోజే గౌరి తోక పట్టుకుని, తూర్పుకి తిరిగి, ఖాలాని ఇటు, పిల్లిని అటు సాక్షులుగా నిలబెట్టి ప్రమాణం చేశాను. నేను బతికున్నంతకాలం పసిబిడ్డ పాలని దాలిలో పాతను. దబ్బనానికి గోనెసంచుల పనే తప్ప మరో పని చెప్పను. పుల్లటి వాసన వస్తే సముద్రం మీద నెట్టను. కళ్ళద్దాలు పెట్టుకున్న మనిషి ఎదుట ఏదీ పిండను. గౌరి తోక విదిలించుకుని నా మొహం మీద ఒకటి కొట్టింది. ప్రమాణం అందిందన్నమాట.

ఆ పిల్లే ఈ కాగితాలు పట్టుకుని నా వెనక తిరుగుతున్న మేనకోడలు. పాలవాళ్ళింట పుట్టి ఇప్పటికీ పెరుగు ముట్టదు. ఎందుకే అని అడిగితే నా వైపు వేలు చూపిస్తుంది. ఇప్పుడు దానికీ ఒక చంటిది ఉంది, ఒక సీసా ఉంది. ఇదిగో, ఏడుస్తోంది. మీతో మాట్లాడుతూనే సీసా అందుకుందామని చెయ్యి చాచానో లేదో, రాస్తున్నది ఆపేసి కలం నా వేళ్ళకి అడ్డం పెట్టింది.

"అత్తా, చేతులు కడిగినవా?"